1613లో ఆమె ఇంకా మతెల్ భార్యే

ఒక ఫ్రెంచి కంచు పతకం గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. దాని మీద ఒక స్త్రీ బొమ్మ ఉంటుంది, ఛాతీ వరకూ, పక్కనుంచి చూసినట్టు. చుట్టూ అంచు వెంబడి ఆమె పేరు, బిరుదు: మారీ ద విన్యోఁ, ట్రెఫోర్ మార్కీజ్. మార్కీజ్ అంటే డ్యూక్ భార్య హోదాకి ఒక మెట్టు కింద ఉండే కులీన స్త్రీ. శిల్పి పేరు జాకోబ్ రిషియే. సంవత్సరం 1613. సైజు చెప్పాలంటే మనిషి అరచేతిలో సరిగ్గా ఇమిడేంత ఉంటుంది. ఆ సంవత్సరం దగ్గరే నా ఆలోచన చిక్కుకుపోయింది. ఆ నాలుగు అంకెలు తెలియకుండా చూస్తే ఇది ఎవరో గొప్పింటావిడ అందంగా చేయించుకున్న బొమ్మ, అంతే. తెలిసి చూస్తే కథ పూర్తిగా వేరు.

ముందు ఈ పతకాలేంటో కొంచెం చెప్పాలి, ఎందుకంటే మనకి పతకం అనగానే ఆటల్లో గెలిచినవాళ్ళ మెడలో వేసేదే గుర్తొస్తుంది. ఇది ఆ రకం కాదు. నాణెంలా చెలామణీ అయ్యేదీ కాదు. యూరప్‌లో 15వ శతాబ్దంలో పుట్టిన ఒక ప్రత్యేకమైన కళ ఇది. ఇటలీలో పిసనెల్లో అనే చిత్రకారుడు 1438 ప్రాంతంలో బైజాంటియన్ చక్రవర్తి ఎనిమిదో జాన్ బొమ్మతో పోత పోసినదాన్నే చాలామంది మొదటిదిగా లెక్కపెడతారు. పాత రోమన్ నాణేల మీది చక్రవర్తుల తలలు చూసి ముచ్చటపడిన కాలం అది. మన బొమ్మ కూడా అలా లోహంలో ఉంటే ఎప్పటికీ నిలిచిపోతుంది కదా అని రాజులకీ, సేనానులకీ, పండితులకీ, బ్యాంకర్లకీ అనిపించింది. పెయింటింగ్ ఒక్కటే ఉంటుంది, ఒక గోడ మీదే ఉంటుంది. పతకమైతే ఒకే మూసతో పది పోయొచ్చు, ఇరవై పోయొచ్చు, దూతతో ఇంకో దేశానికి పంపొచ్చు, మిత్రుడికి ఇవ్వొచ్చు, భవనం కడుతుంటే పునాదిలో పెట్టించొచ్చు. అందుకున్నవాళ్ళు దాన్ని చేతిలోకి తీసుకుని, వెలుతురు పక్కనుంచి పడేలా తిప్పుతూ చూస్తారు. ఇంత దగ్గరగా, ఇంత తీరిగ్గా చూడటానికి వీలైన ఇంకో శిల్పరూపం నాకైతే తెలియదు.

ఫ్రాన్స్‌లో స్త్రీల బొమ్మలతో ఇలాంటి పతకాలు చాలా ముందునుంచే ఉన్నాయి. లియోన్ నగరం 1500లో ఆన్ ద బ్రెతాన్ రాణికి స్వాగతం పలుకుతూ ఒక వైపు ఆమె, ఇంకో వైపు రాజు పన్నెండో లూయీ ఉన్న పతకం చేయించింది. రాణి చేతికిచ్చినది బంగారంతో పోసినది, అదే మూస నుంచి కంచు ప్రతులు కూడా వచ్చాయి. తర్వాత రెండేళ్ళకి, 1502లో, బూర్-ఆఁ-బ్రెస్ పట్టణంలో జాఁ మారాంద్ అనే కంసాలి, ఫ్రాన్స్ పక్కనే ఉన్న సవోయ్ రాజ్యాన్ని ఏలే డ్యూక్ ఫిలిబెర్‌నీ, ఆయన భార్య ఆస్ట్రియా మార్గరెట్‌నీ ఎదురెదురుగా పెట్టి ఇంకోటి చేశాడు. నాకు ఈ రెంటిలో రెండోదే ఇష్టం, వెనక ఖాళీ అంతా చిన్న చిన్న ముడులూ డైసీ పూలూ పరిచి వాళ్ళిద్దరినీ అందులోంచి పైకి తేలినట్టు చేశాడు. బ్రెస్ అనే ఈ ప్రాంతం అప్పటికి సవోయ్‌ది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మన మార్కీజ్ గారి ట్రెఫోర్ ఉన్నది కూడా అక్కడే.

రెండో హెన్రీ రాజు ప్రేయసి డియాన్ ద ప్వాతియే పేరుతో ఉన్న పతకం ఇంకా ప్రసిద్ధం. వెనక వైపు రోమన్ల వేట దేవత డయానా మన్మథుడి మీద కాలుమోపి నిలబడి ఉంటుంది, చుట్టూ లాటిన్‌లో ‘అందరినీ గెలిచినవాణ్ణి నేను గెలిచాను’ అని రాసి ఉంటుంది. డియాన్‌ది పుట్టుకతోనే పెద్ద కుటుంబం, భర్త పోయిన తర్వాత రాజుకి దగ్గరైంది. ఈ తేడా కూడా ముందు ముందు పనికొస్తుంది.

ఇక మారీ దగ్గరికి వద్దాం.

ఆమె పుట్టింది గ్రెనోబుల్‌లో. ఆల్ప్స్ కొండల అంచున ఉన్న దోఫినే ప్రాంతానికి అది ముఖ్యపట్టణం. తండ్రి బొచ్చుతోళ్ళ వ్యాపారి. అంటే మర్యాదస్తుల కుటుంబమే, తిండికి లోటు లేని కుటుంబమే, కానీ కులీనులు మాత్రం కాదు, పేరు మధ్యలో ‘ద’ పెట్టుకునే ఇల్లు కాదు. ఆమె పెళ్ళి కూడా అదే స్థాయిలో జరిగింది. భర్త ఎన్నెమోఁ మతెల్, ఆ ఊళ్ళోనే బట్టల వ్యాపారి. ఆమె జీవితం అక్కడితో ఆగి ఉంటే 400 ఏళ్ళ తర్వాత నేను ఆమె గురించి రాసే అవకాశమే ఉండేది కాదు.

దోఫినేలో అప్పట్లో ఒకడే మనిషి. ఫ్రాఁస్వా ద బోన్, లెడిగియేర్ ప్రభువు. 1543లో కొండల మధ్య సేఁ-బొనే అనే చిన్న ఊళ్ళో పెద్దగా ఆస్తిపాస్తులు లేని కుటుంబంలో పుట్టి, మతయుద్ధాల్లో ప్రొటెస్టెంట్ల వైపు పోరాడి, 1590లో గ్రెనోబుల్‌ని పట్టుకుని, ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకి పైగా ఆ ప్రాంతాన్ని దాదాపు సొంత రాజ్యంలా నడిపించాడు. శత్రువైన సవోయ్ డ్యూక్ ఆయన్ని దోఫినే నక్క అన్నాడు. 1609లో ఫ్రాన్స్ మార్షల్, 1611లో డ్యూక్. 1600, 1601లలో సవోయ్‌తో జరిగిన యుద్ధంలో ముందున్నవాళ్ళలో ఆయనొకడు, ఆ యుద్ధం ముగిస్తూ 1601లో లియోన్‌లో జరిగిన ఒప్పందంతోనే బ్రెస్ ప్రాంతం సవోయ్ చేతిలోంచి ఫ్రాన్స్‌కి వచ్చింది. తర్వాత ఆ బ్రెస్‌లోని ట్రెఫోర్ ఎస్టేటే ఆయన చలవతో మారీకి దక్కింది, దాంతోపాటు మార్కీజ్ అనే బిరుదు కూడా.

ఆయన చలవతో ఎందుకంటే మారీ ఆయన ప్రేయసి. గుట్టుగా దాచుకున్న బంధమేమీ కాదు, గ్రెనోబుల్ అంతటికీ తెలిసిన విషయం. ఇద్దరు కూతుళ్ళు పుట్టారు. ఆయనకి మొదటి భార్య ఉంది, క్లోదీన్ ద బెరాఁజే, ఆమె 1608లో చనిపోయింది. అప్పటినుంచీ ఆయనకి ఎలాంటి అడ్డూ లేదు. అడ్డల్లా మారీ వైపే ఉంది, ఎందుకంటే మతెల్ గారు బతికే ఉన్నారు.

ఇప్పుడు ఆ 1613ని చూడండి. పతకం మీద మారీ ద విన్యోఁ, ట్రెఫోర్ మార్కీజ్ అని ఉంది. మతెల్ అన్న పేరు లేదు. లెడిగియేర్ పేరు కూడా లేదు, ఉండటానికి వీల్లేదు, ఎందుకంటే పెళ్ళి కాలేదు. తండ్రి పేరు ఉంది, దానికి ముందు ఆ తండ్రికి లేని ‘ద’ ఉంది, ఆ తర్వాత బిరుదు ఉంది. చర్చి రిజిస్టర్ ప్రకారం ఆ రోజు ఆమె గ్రెనోబుల్ వ్యాపారి మతెల్ భార్య. కంచు ప్రకారం ఎవరి భార్యా కాదు, స్వయంగా ఒక మార్కీజ్.

మరుసటి ఏడాది, 1614లో, మతెల్ హత్యకి గురయ్యాడు. హంతకుడిగా పట్టుబడినవాడు సవోయ్ డ్యూక్ తరఫున పనిమీద వచ్చిన ఒక కల్నల్, పేరు అలార్. గ్రెనోబుల్ న్యాయస్థానం వాణ్ణి జైల్లో పెడితే లెడిగియేర్ కలగజేసుకుని విడిపించాడని చెబుతారు. ఊళ్ళో జనం ఏమనుకుని ఉంటారో ఊహించడం కష్టం కాదు. మారీకి ఇందులో ఎంత పాత్ర ఉందన్నదాని మీద ఆ రోజుల్లోనూ తర్వాతా బోలెడు పుకార్లు నడిచాయి, వాటిని ఇక్కడ తిరగేసి రాయను, పుకారుని 400 ఏళ్ళు మోసినంత మాత్రాన అది సాక్ష్యం అయిపోదు. జరిగిందని గట్టిగా చెప్పగలిగింది మాత్రం చెబుతాను: 1617లో లెడిగియేర్ ఆమెని పెళ్ళి చేసుకున్నాడు. ఆయనకి 74 ఏళ్ళు. కూతుళ్ళిద్దరికీ చట్టబద్ధత వచ్చింది. వాళ్ళలో ఫ్రాఁస్వాజ్‌ని తర్వాత షార్ల్ ద క్రేకీ చేసుకున్నాడు, ఆయన అంతకుముందు లెడిగియేర్ మొదటి భార్య కూతురికి భర్త, అంటే ఒకే మామగారికి రెండుసార్లు అల్లుడయ్యాడు. ఆస్తీ బిరుదులూ ఇల్లు దాటి పోకుండా ఎంత జాగ్రత్తపడ్డారో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇంకో పోగు కూడా ఉంది ఈ కథలో. లెడిగియేర్ ప్రొటెస్టెంట్, మారీ కేథలిక్. ఆయన పద్ధతి మీద సొంత మతం పాస్టర్లే చాలాకాలం గుర్రుగా ఉన్నారు. 1616, 1617లలో ఫ్రాఁస్వా ద సాల్, తర్వాత సెయింట్‌గా ప్రకటించారే, ఆయనే, గ్రెనోబుల్ వచ్చి ప్రసంగాలు చేస్తుంటే ప్రొటెస్టెంట్ నాయకుడైన లెడిగియేర్ వెళ్ళి కూర్చుని విన్నాడు. 1622లో మతం మారాడు, ఆ వెంటనే ఫ్రాన్స్ కానెస్టబుల్ పదవి వచ్చింది. సైన్యం మొత్తానికి రాజు తర్వాత ఆయనే. 1626లో ఆయన పోయాక రాజు ముఖ్యమంత్రి రిషెల్యూ ఆ పదవినే రద్దు చేసేశాడు, కాబట్టి ఫ్రాన్స్ చరిత్రలో చివరి కానెస్టబుల్ లెడిగియేరే. బొచ్చుతోళ్ళ వ్యాపారి కూతురు ఆ దేశపు చివరి కానెస్టబుల్ భార్య అయింది. కానీ పతకం చేయించే రోజుకి ఇవేవీ జరగలేదు, జరుగుతాయన్న గ్యారంటీ కూడా లేదు. ముసలాయనకి అప్పుడే 70. రేపు ఏదైనా అయితే ఆమె చేతిలో ఉండేది ఆ బిరుదు, ఆ ఎస్టేటు, చెడ్డపేరు, అంతే. అందుకే నాకు ఆ పతకం చూస్తే ఆడంబరం కన్నా ఆత్రుత ఎక్కువ కనిపిస్తుంది. కాగితం మీద తేలనిదాన్ని కంచులో తేల్చేసుకుందాం అన్న తొందర.

ఇంకొక సంగతి కూడా నన్ను ఆకట్టుకుంది. రాజకుటుంబం పతకాల మీద మాటలన్నీ లాటిన్‌లో ఉంటాయి. డియాన్‌ది లాటిన్. పారిస్‌లో గియోమ్ ద్యుప్రే 1603లో నాలుగో హెన్రీ, మారీ ద మెదిచి దంపతులకి చేసిన గొప్ప పతకం మీద కూడా లాటినే, వెనక రాజు యుద్ధదేవుడు మార్స్‌గా, రాణి జ్ఞానదేవత పల్లాస్‌గా చేతులు కలుపుతుంటే మధ్యలో చిన్న యువరాజు. మన మార్కీజ్ పతకం మీద పేరూ బిరుదూ మాత్రం ఫ్రెంచిలో ఉన్నాయి. ఏ దేవతగానో మారిపోలేదు, ఏ సూక్తీ చెప్పలేదు. ఎవరికి తెలియాలి ఆ బిరుదు? గ్రెనోబుల్ పెద్దలకి, అక్కడి న్యాయమూర్తుల భార్యలకి, నిన్నటిదాకా మతెల్ గారి దుకాణంలో బట్టలు కొన్నవాళ్ళకి. ఫ్రెంచి చదవగలిగిన ఎవరికైనా ఒక్క చూపులో అర్థమవుతుంది. ఇది నా ఊహే, కాదనను, కానీ డియాన్‌కి మన్మథుణ్ణి తొక్కే అవసరం ఎందుకు వచ్చిందో, ఈమెకి ఆ అవసరం ఎందుకు రాలేదో ఆలోచిస్తే నాకు ఇదే తోస్తుంది. డియాన్ ఎవరో అందరికీ ముందే తెలుసు, కాబట్టి కవిత్వం చెప్పింది. మారీ ముందు తనెవరో చెప్పాలి.

శిల్పి గురించి. రిషియే అనే ఇంటిపేరు ఫ్రెంచి శిల్పకళలో పెద్దదే. లొరేన్‌లోని సేఁ-మియెల్ వాళ్ళ ఊరు. 16వ శతాబ్దంలో లిజియే రిషియే అక్కడ చేసిన శిల్పాలు ఇప్పటికీ జనం వెళ్ళి చూస్తారు, ముఖ్యంగా బార్-ల-ద్యుక్‌లో చర్మం ఊడిపోతున్న అస్థిపంజరం తన గుండెని పైకెత్తి పట్టుకుని నిలబడ్డది, ఒకసారి ఫోటో చూసినా మర్చిపోలేం. ఆ లిజియే ప్రొటెస్టెంట్, చివరికి జెనీవా వెళ్ళి అక్కడే చనిపోయాడు. జాకోబ్ ఆ కుటుంబంవాడే, లెడిగియేర్ కొలువులో చేరాడు. గ్రెనోబుల్‌కి దక్షిణాన విజీల్‌లో లెడిగియేర్ కట్టించుకున్న కోట ద్వారం మీద గుర్రమెక్కిన ఆయన కంచు శిల్పం ఉంది, అది జాకోబ్ పని. హెర్క్యులిస్ ఒంటికి లెడిగియేర్ ముఖం పెట్టి పోసిన నిలువెత్తు కంచు విగ్రహం, అదీ జాకోబ్ పనే. బతికుండగానే చేయించుకున్న సమాధి, నల్ల చలువరాయి మీద కవచంతో పక్కకి ఒరిగి పడుకున్న ప్రభువు, ఇప్పుడు గాప్ మ్యూజియంలో ఉంది, అది కూడా ఆయనదే. అంటే ఈ శిల్పి పని ఒక రకంగా ఒకే ఇంటి పని. ఆయన్ని రోజూ చూసినవాడు, ఆమెనీ రోజూ చూసినవాడే అయ్యుండాలి.

అది పతకంలో తెలుస్తుందని నేను నమ్ముతాను. పతకాల గురించి మాట్లాడేవాళ్ళు ఆ తరంలో ద్యుప్రే పేరు ఎత్తి మిగతావాళ్ళని పక్కన పెడతారు, ద్యుప్రే నైపుణ్యం అలాంటిది మరి, ఆయన పోత ఎంత శుభ్రంగా వచ్చేదంటే పోశాక ఉలి పెట్టాల్సిన పని చాలా తక్కువ ఉండేదంటారు. పట్టు మడతలు, రోమాలు, ముత్యాలు అన్నీ వేటికవే తెలిసిపోతాయి. కానీ ద్యుప్రే పతకాల్లో చాలాసార్లు నేను బట్టలనే చూస్తూ ఉండిపోతాను, మనిషిని మర్చిపోతాను. రిషియే దగ్గర అది జరగదు. చూపు ముఖానికే వెళుతుంది, అక్కడే ఆగుతుంది. ఆమె మరీ పడుచుపిల్ల కాదు, ఇద్దరు పిల్లల తల్లి, దాన్ని కప్పిపుచ్చే ప్రయత్నం కనబడదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, అసలు ఇలాంటిది ఎలా చేస్తారన్నది. నాణెం అయితే గట్టి ఉక్కు ముద్రలో బొమ్మని అద్దంలో కనిపించినట్టు తిరగేసి, లోతుగా చెక్కి, రెండు ముద్రల మధ్య లోహపు బిళ్ళ పెట్టి దెబ్బ కొడతారు. వేలు కొట్టొచ్చు. కానీ ఆ దెబ్బకి లోహం కదిలేది కొంచెమే, అందుకని బొమ్మ ఎత్తు తక్కువగా ఉండాలి, బిళ్ళ చిన్నగా ఉండాలి. అరచేయంత వెడల్పులో, చెంప ఉబ్బెత్తుగా, మెడ కింద నీడ పడేంత లోతుగా కావాలంటే ఆ కాలంలో పోత పోయడమే దారి.

పని మైనంతో మొదలవుతుంది. నల్లటి పలకరాయి బిళ్ళ మీద లేతరంగు మైనం కొంచెం కొంచెం పెడుతూ, ఎముకతోనో చెక్కతోనో చేసిన సన్నటి పుల్లలతో బొమ్మ తీరుస్తారు. వెనక నలుపు, ముందు తెలుపు, కాబట్టి నుదురు నుంచి గడ్డం దాకా ఉన్న గీత స్పష్టంగా కనిపిస్తుంది. పక్క ముఖంలో ఆ గీతే ప్రాణం, ముక్కు దగ్గర వెంట్రుకవాసి తేడా వచ్చినా వేరే మనిషైపోతుంది. అసలు తల వెడల్పు ఓ జానెడు ఉంటుంది, పతకంలో దానికి దొరికే ఎత్తు కొన్ని మిల్లీమీటర్లు. ఆ కొన్ని మిల్లీమీటర్లలోనే చెవి ముందుండాలి, జుట్టు దాని వెనక్కి పోవాలి, భుజం ఇంకా వెనక్కి తిరగాలి. ఎదురుగా చూస్తే అన్నీ సరిగ్గా ఉన్నట్టు ఉండాలి, పక్కకి వంచి చూస్తే మొత్తం అబద్ధమని తెలుస్తుంది. ఇలాంటి అబద్ధాన్ని ఒప్పించడానికి చాలా అనుభవం కావాలి.

పైగా ఆ రోజుల ఫ్యాషన్ శిల్పికి పెద్ద పరీక్ష. 1610ల ఫ్రెంచి కులీన స్త్రీలు జుట్టు పైకి ఎత్తి కట్టేవాళ్ళు, మెడ వెనక సన్నటి తీగల ఆసరాతో లేసు కాలర్ విసనకర్రలా నిలబెట్టేవాళ్ళు. లేసు అంటే సగం దారం, సగం ఖాళీ. దాన్ని మైనంలో గీయొచ్చు, కానీ ఆ తర్వాత అది మూసలోకి ఎక్కాలి, మూసలోంచి కంచులోకి రావాలి. మెత్తటి ఇసుకకి కొంచెం జిగురు కలిపి, రెండు చట్రాల్లో దట్టించి, మధ్యలో నమూనాని నొక్కి, మళ్ళీ ఇసుక చెదరకుండా పైకి తీయాలి. బొమ్మలో ఎక్కడైనా అంచు లోపలికి తిరిగి ఉందంటే అది ఇసుకని పట్టుకుని లాగేస్తుంది, మూస పాడవుతుంది. కాబట్టి శిల్పి లేసు గీస్తున్నప్పుడే, ముత్యం పెడుతున్నప్పుడే, ఇది ఇసుకలోంచి బయటికి వస్తుందా రాదా అని కూడా ఆలోచించుకుంటూ ఉండాలి.

మూస ఎండాక కరిగిన కంచు పోయడానికి ఒక దారి, గాలి బయటికి పోవడానికి సన్నటి దారులు తవ్వుతారు. కంచు అంటే ప్రధానంగా రాగి, కొంత తగరం, చాలాసార్లు కొంచెం సీసమో జింకో కూడా ఉంటాయి. దాదాపు 1000 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగిన లోహం లేసు చివరిదాకా పారేలోపే చల్లబడిపోతే అక్కడ బొమ్మ ఆగిపోతుంది. గాలి ఇరుక్కుంటే బుడగ మచ్చలు పడతాయి, అది సరిగ్గా చెంప మీద పడితే ఇక చేసేదేం లేదు, మళ్ళీ కరిగించాలి. బాగా వచ్చినదాన్ని తీసి, పోత దారుల తోకలు కోసి, అంచు ఆకురాయితో రుద్ది, మొద్దుబారిన చోట్ల చిన్న ఉలితో దిద్ది, చివరికి గోధుమరంగో నలుపో వచ్చేలా పూత పూసి వేడిచేస్తారు. చేతులు మారి మారి ముక్కు మీద, చెంప మీద ఆ రంగు అరిగి లోపలి ఎరుపు బయటపడ్డ పతకాలు నాకు కొత్తవాటికన్నా అందంగా ఉంటాయి.

ఈ పనితనంలోంచే ఇంకో ఉపయోగకరమైన విషయం పుడుతుంది. కంచు చల్లబడేటప్పుడు కొద్దిగా కుంచించుకుపోతుంది, సుమారు ఒకటిన్నర నుంచి రెండు శాతం. ఎవరైనా తర్వాతి రోజుల్లో అసలు పతకాన్నే నమూనాగా వాడి ఇంకోటి పోస్తే అది ఆ మేరకి చిన్నదవుతుంది. అసలుది 100 మిల్లీమీటర్లుంటే నకలు 98 దగ్గర తేలుతుంది. ఆ నకలుకి మళ్ళీ నకలు తీస్తే ఇంకా చిన్నది. దాంతోపాటు అక్షరాల మూలలు గుండ్రబడతాయి, లేసు కన్నాలు పూడుకుపోతాయి, కనురెప్ప గీత మసకబారుతుంది. అందుకే ఈ రంగంలో ఉన్నవాళ్ళు పతకం చేతికి రాగానే ముఖం కన్నా ముందు వ్యాసం కొలుస్తారు. 19వ శతాబ్దంలో ఈ పాత పతకాల మీద సేకర్తలకి మోజు పెరిగి బోలెడు నకళ్ళు తయారయ్యాయి, కాబట్టి ఆన్‌లైన్‌లో ఎక్కడైనా 17వ శతాబ్దం అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి. కొలతలు లేని వేలం పేజీని నేనైతే పట్టించుకోను.

మారీ పతకం ప్రతి ఒకటి వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది, క్రెస్ సేకరణలో భాగంగా అక్కడికి చేరింది. ఫోటో పెద్దదిగా చేసుకుని చూసేవాళ్ళకి ఒక మాట. ముందు అక్షరాలు చూడండి. నేర్పరి పోతలో అక్షరం పక్కన నీడ కత్తిలా తెగి ఉంటుంది. తర్వాత ముక్కు గీతని నుదురు నుంచి కిందికి ఒకసారి కళ్ళతో నడవండి. ఆ తర్వాతే బట్టలు. అన్నీ ఒకేసారి చూస్తే ఏదీ కనబడదు. పక్క కిటికీలో ద్యుప్రే చేసిన మారీ ద మెదిచి పతకం ఒకటి తెరిచి పెట్టుకుంటే ఇంకా మంచిది. ఒకరు పుట్టుకతో టస్కనీ డ్యూక్ ఇంటి ఆడపడుచు, అప్పటికి ఫ్రాన్స్‌ని చిన్న కొడుకు తరఫున పాలిస్తున్న రాణి. ఇంకొకరు వ్యాపారి కూతురు. కంచులో చూస్తే ఇద్దరి మధ్య పెద్ద తేడా కనపడదు, అలా కనపడకుండా ఉండటానికే ఈమె డబ్బు ఖర్చయింది, లేదా ముసలాయన డబ్బు.

ఇది ఎవరు చేయించారన్నది కూడా నా బుర్రలో తిరుగుతూనే ఉంటుంది. ఆయన కానుకగా చేయించాడా, ఆమే రిషియేని పిలిపించుకుందా? రిషియే ఆయన మనిషి కాబట్టి ఆయనకి తెలియకుండా జరిగే పని మాత్రం కాదు. నాకు ఆమే అడిగి ఉంటుందనిపిస్తుంది. ఆయన బిరుదు ఇచ్చేశాడు, ఎస్టేటు ఇచ్చేశాడు, ఆయన దృష్టిలో పని అయిపోయింది. ఆ బిరుదుని నలుగురి నోటా పలికించాల్సిన అవసరం రోజూ వీధిలో, చర్చిలో, విందులో పడేది ఆమెకే. మతెల్ భార్య అని వెనకనుంచి వినిపించేది ఆమెకే.

అందుకని ఒక చిన్న విన్నపం. ఈ పతకం ఫోటో ఎక్కడైనా పెట్టేవాళ్ళు కింద ‘కానెస్టబుల్ లెడిగియేర్ భార్య మారీ’ అని రాయకండి. 1613కి ఆయన కానెస్టబుల్ కాదు, ఆమె ఆయన భార్య కాదు. పతకం చుట్టూ ఏం రాసి ఉందో అదే రాయండి, పక్కన సంవత్సరం వేయండి, శిల్పి పేరు మర్చిపోకండి. చోటుంటే మతెల్ 1614లో చంపబడ్డాడని కూడా ఒక లైను వేయండి, ఆయన బొమ్మ ఎవరూ పోయలేదు.